జీతం లేని పనికి అంత దూరమా?

ఒలింపిక్స్ అనగానే మనకు గుర్తొచ్చేవి పతకాలే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ అయింది. ఆ ఫోటో చూడని తెలుగిల్లు ఉండదేమో. కానీ ఆ పోటీలకు వచ్చినవాళ్లకు గేటు దగ్గర దారి చూపిందెవరు, భాష రానివాళ్ల మాట డాక్టరుకు చెప్పిందెవరు, తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చిందెవరు అని ఎప్పుడైనా ఆలోచించామా? సిడ్నీ ఒలింపిక్స్‌లో దాదాపు 47 వేలమంది వాలంటీర్లు జీతం తీసుకోకుండా ఇలాంటి పనులు చేశారు. 2012లో లండన్‌లో 70 వేలమంది చేశారు. 2024లో పారిస్‌లో 45 వేలమందికి అవకాశం ఉంటే, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు 3 లక్షలు దాటారు. పద్దెనిమిదేళ్లు నిండి, ఫ్రెంచి గానీ ఇంగ్లీషు గానీ వచ్చి, కనీసం పదిరోజులు పనిచేయగలిగితే చాలు, ఏ దేశంవాళ్లయినా అడగొచ్చన్నారు.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా కొత్తచెరువులో డిగ్రీ చదివే ఆడపిల్లలు ముగ్గురు ఒకటే పట్టుదలగా ఉన్నారు. 2028 జులైలో లాస్ ఏంజెలిస్, 2032లో బ్రిస్బేన్. ఏదో ఒకదానికి తామూ వాలంటీర్లుగా పోవాలట. సాయంత్రంపూట ఒకరింట్లో చేరి ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసుకుంటున్నారు. ఒకమ్మాయి ఫోన్లో చూసి స్పానిష్ అంకెలు కూడా నేర్చేసింది. ఈ సంబరం చూసి మా వీధి అరుగుల మీద పుట్టిన చర్చ గురించే ఈ నాలుగు మాటలూ.

మొదట మాటతోనే చిక్కొచ్చింది. మన రాష్ట్రంలో 2019 ఆగస్టులో మొదలై 2024లో ఆగిపోయిన గ్రామ వాలంటీర్ల వ్యవస్థ అందరికీ తెలుసు. నెలకు 5 వేలు గౌరవ వేతనం, ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను ఇచ్చేవాళ్లు. అందుకని మా ఎదురింటి పెద్దావిడ అమాయకంగా అడిగింది: "ఏంది పాపా, వాలంటీరు పని చేసేకి అమెరికా దాకా పోవల్లనా? ఈడ సచివాలయంలో లేదా?" జీతం లేదని చెప్పేసరికి ఆవిడ నోరు నొక్కుకుంది. పైగా విమానం ఖర్చు మనదే అనేసరికి "ఎదురిచ్చి చాకిరీ చేసేదా!" అంది. అక్కడున్న అందరూ నవ్వారు. పిల్లలు మాత్రం చిన్నబుచ్చుకున్నారు.

ఆవిడ ప్రశ్న తీసిపారేసేది కాదు. 'ఎంతిస్తారు?' అన్న మాట నాకూ అలవాటే. నా కథ పత్రికలో పడిందంటే మా చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న అదే. కథ బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి! అయితే ఒక్కటి గమనించారా? ఆడపిల్ల గడప దాటి చేసే పనికే మనం జీతం లెక్క అడుగుతాం. గడప లోపల చేసేదానికి అడగం. 2024లో కేంద్ర గణాంక శాఖవాళ్లు ఎవరి సమయం దేనికి పోతోందో సర్వే చేశారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడుతున్నారని తేలింది. అంటే ఆడవాళ్లకు దగ్గరదగ్గర అయిదు గంటలు. పండగలేదు, ఆదివారం లేదు. దాన్ని చూసి 'ఎదురిచ్చి చాకిరీ' అని ఏ అరుగు మీదా ఎవరూ నవ్వరు. అదే ఆ పిల్ల ఊరు దాటి, దేశం దాటి, తనకిష్టమై రెండువారాలు పనిచేస్తానంటే మాత్రం మనకు లెక్కలు గుర్తొస్తాయి.

సేవ అంటే తెలియని ఊరు కాదు మాది

నిజానికి వాలంటీరు అంటే ఎవరో మా కొత్తచెరువువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊరికి దగ్గర్లోనే సత్యసాయి ప్రశాంతి నిలయం రైల్వేస్టేషను ఉంది. పుట్టపర్తికి సేవాదళ్ పేరుతో ఒడిశా నుంచి, తమిళనాడు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు అక్కడే రైలు దిగుతారు. సొంత ఖర్చుతో వస్తారు. మెడలో స్కార్ఫు వేసుకుని క్యూలు నడుపుతారు, క్యాంటీన్లో వడ్డిస్తారు, ఆస్పత్రిలో రోగులకు దారి చూపుతారు. 2025 నవంబరులో శతజయంతి ఉత్సవాలప్పుడు అంత జనాన్ని సర్దిన చేతుల్లో చాలా చేతులు వాళ్లవే. వాళ్లలో బ్యాంకు మేనేజర్లు, టీచర్లు, మనలాంటి ఇల్లాళ్లు అందరూ ఉంటారు. 'జీతమెంత?' అని వాళ్లనెవరూ అడగరు. భక్తితో చేస్తే సరే, ఆటల మీద ఇష్టంతోనో లోకం చూడాలన్న ఆశతోనో చేస్తే తప్పా?

అనంతపురం సంగతీ అంతే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టిన తర్వాత, స్పెయిన్ నుంచి ఎంతమంది యువతీయువకులు మన కరువు పల్లెలకు సేవకని వచ్చారో ఈ జిల్లావాళ్లందరికీ తెలుసు. వాళ్ల భాష మనకు రాదు, మన కారం వాళ్లకు పడదు. అయినా వచ్చారు. టెన్నిస్ వీరుడు రఫేల్ నాదల్ పేరున 2010లో అక్కడ పేదపిల్లలకు టెన్నిస్ బడి కూడా వెలిసింది. ఆ అమ్మాయిలు తమ ఊళ్ల నుంచి బయల్దేరినప్పుడు వాళ్ల వీధుల్లోనూ 'జీతం లేకుండా అంత దూరమా?' అని ఎవరో ఒకరు అనే ఉంటారు. వాళ్లు ఇక్కడికి రాగా లేనిది మనమ్మాయిలు అక్కడికి పోతే వింతేముంది?

అయితే నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. పారిస్ ఒలింపిక్స్ అప్పుడు ఫ్రాన్స్‌లోనే కొందరు గట్టిగా అడిగారు. టికెట్లమ్మి, టీవీ హక్కులమ్మి కోట్లకు కోట్లు గడించే సంస్థలు పనివాళ్లకు జీతం ఎగ్గొట్టడానికి సేవ అనే అందమైన పేరు పెట్టాయి కదా అని. అది కొట్టిపారేయలేని మాట. యూనిఫారం, పనిచేసిన రోజు భోజనం, ఊళ్లో తిరగడానికి బస్సు రైలు పాసు, ఇవే వాలంటీరుకిచ్చేవి. విమానం టిక్కెట్టు, ఉండటానికి గది, వీసా అన్నీ సొంతమే.

మరి దీన్ని సేవ అనాలా, వెట్టి అనాలా? నాకు తోచింది చెబుతాను. కాదనే హక్కు ఉంటే అది సేవ. లేకపోతే వెట్టి.

దీనికి టోక్యో నుంచి ఒక ఉదాహరణ ఉంది. 2021 ఫిబ్రవరిలో అక్కడి ఒలింపిక్స్ నిర్వాహక సంఘం అధ్యక్షుడు యోషిరో మోరి, ఆడవాళ్లు ఎక్కువైతే మీటింగులు సాగుతూనే ఉంటాయన్న అర్థంలో నోరు జారాడు. ఆయన సామాన్యుడేం కాదు, జపానుకు ఒకప్పటి ప్రధానమంత్రి. వెంటనే వందలమంది వాలంటీర్లు 'మీ సేవకో దండం' అని పేర్లు వెనక్కి తీసుకున్నారు. ప్రపంచమంతా గోల అయింది. పదిరోజులు తిరక్కుండానే ఆయన దిగిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరనుకున్నారు? సెయికో హషిమోతో అనే మహిళ. ఏడుసార్లు ఒలింపిక్స్‌లో పోటీ చేసిన క్రీడాకారిణి. జీతం లేని పనివాళ్లే కదా అని వాళ్ల మాటను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేకపోయింది. మాటపడి కూడా ఆ పూటకు వంట చేసి పెట్టే మనకు ఇది కొత్తగానే కనిపిస్తుంది. మన పిల్లలు అక్కడికి పోయి నేర్చుకోవాల్సిన వాటిలో ఇదొకటి అనుకుంటాను.

ఏజెంటు మాట నమ్మొద్దు

వెళ్లనివ్వండి అన్నాను కదా అని గుడ్డిగా పంపమని కాదు. విదేశం అనగానే మన దగ్గర ముందుగా వాలేది ఏజెంటు. 'వాలంటీరు సీటు ఖాయం చేయిస్తాం, వీసా మాది పూచీ, అక్కడే ఉద్యోగం కూడా చూసుకోవచ్చు' అంటాడు. ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటి వినపడినా లేచి వచ్చేయండి. ఒలింపిక్స్‌కు వాలంటీరుగా దరఖాస్తు పెట్టుకోవడానికి రుసుము కట్టక్కర్లేదు. నిర్వాహక సంఘానికే నేరుగా పెట్టుకోవాలి. మధ్యవర్తులతో పనిలేదు. ఎంపిక చేసేది వాళ్లు, వీసా ఇచ్చేది ఆ దేశం. ఇంకెవరూ పూచీ పడలేరు.

ఆటల పేరుతో మోసాలు జరగవనుకోవద్దు. 2018లో ఆస్ట్రేలియా గోల్డ్‌కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. దానికి కొద్దిరోజుల ముందు, విలేకరులమని నకిలీ గుర్తింపు పత్రాలతో దిగిన కొందరు భారతీయుల్ని బ్రిస్బేన్ విమానాశ్రయంలోనే పట్టుకున్నారు. ఇలా పట్టుబడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఆ పిల్ల పాస్‌పోర్టు మీద మచ్చ పడుతుంది. రేపు నిజంగా చదువుకు పోదామన్నా ఆ మచ్చ అడ్డొస్తుంది.

ఏ వీసా కావాలో ఆ దేశపు ఎంబసీ చెప్పినట్టే నడుచుకోవాలి. ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు తక్కువ రోజుల వీసా మీద పోతే, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. గది ముందే చూసుకోవాలి. ఇంకా వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి పోవాలి. 'ఒంటరి ఆడపిల్ల' అన్న భయానికి ఇలాంటి జాగ్రత్తలు పనికొస్తాయి గానీ, ఇంట్లో కూర్చోబెట్టడం మందు కాదు. చదువు పేరుతో, ఉద్యోగం పేరుతో మన పిల్లలు డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఏళ్లకేళ్లు ఒంటరిగా ఉంటూనే ఉన్నారు కదా.

ఇక రెండువారాల కోసం పొలమో పుస్తెలో తాకట్టు పెట్టే మాటయితే, నేను ఆ తల్లి పక్షానే ఉంటాను. వద్దనే చెబుతాను. ఏ సర్టిఫికెట్టూ దానికి సరిపోదు.

ఇంగ్లీషుకంటే ముందు నేర్వాల్సినవి

మా వీధి పిల్లలు ఇంగ్లీషు మీద పడ్డారు. మంచిదే. కానీ వాలంటీరుకు కావాల్సింది గ్రామరు కాదు, ఓర్పు. పది గంటలు నిలబడగలగాలి. ఒకే ప్రశ్న వెయ్యిమంది అడిగినా మొదటివాడికి చెప్పినంత మర్యాదగా చెప్పగలగాలి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి కనిపిస్తే జాలిపడి పరుగెత్తి కుర్చీ తోసెయ్యకూడదు. 'సాయం చెయ్యనా?' అని అడిగి, ఆయన సరేనంటేనే చెయ్యి వెయ్యాలి. చూపులేని వాళ్ల చెయ్యి మనం పట్టుకు లాగకూడదు, వాళ్లే మన మోచెయ్యి పట్టుకునేట్టు నిలబడాలి. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన వరంగల్ దగ్గరి కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. మేధోపరమైన లోపంతో పుట్టిందని చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎన్ని మాటలన్నారో పేపర్లలో చదివే ఉంటారు. అలాంటి పిల్లను ఎలా పలకరించాలో, ఎలా గౌరవించాలో తెలియడం కూడా ఈ తయారీలో భాగమే.

ఇవన్నీ నేర్చుకోవడానికి విమానం ఎక్కక్కర్లేదు. కదిరి నరసింహస్వామి తేరు రోజు తప్పిపోయిన పిల్లల్ని తల్లులకు అప్పగించడం, లేపాక్షి ఉత్సవాల్లో కొత్తవాళ్లకు దారి చెప్పడం, మండలంలో స్కూలు పిల్లల ఆటలు జరిగితే నీళ్లు, ప్రథమ చికిత్స చూసుకోవడం, అన్నీ శిక్షణే. 2024 సెప్టెంబరులో అనంతపురంలో దులీప్ ట్రోఫీ మ్యాచిలు జరిగాయి. పేరున్న క్రికెటర్లు మన జిల్లాకొచ్చి ఆడారు. అంటే పెద్ద ఆటలు మన దగ్గరికీ వస్తాయన్నమాట. భాషలు కూడా మన గుమ్మంలోనే ఉన్నాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైన తర్వాత ఆ దారిలో కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి. పుట్టపర్తి బజారులో పెద్ద చదువులు లేని ఆడవాళ్లు కూడా విదేశీయులతో వాళ్ల భాషలో బేరమాడతారు. భాష పని పడితే అదే వస్తుంది, సిగ్గు వదిలితే చాలు.

నేషనల్ సర్వీస్ స్కీము ఉండనే ఉంది. 1969 సెప్టెంబరు 24న గాంధీగారి శతజయంతి ఏడాదిలో మొదలైంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చెయ్యాలి, ఏడురోజుల క్యాంపుకు పోవాలి. చాలా కాలేజీల్లో అది రెండు మొక్కలు నాటి ఫోటో దిగడంతో సరిపోతోంది. ఆ 240 గంటలూ నిజంగా పనిచేసిన పిల్లకు ఏ ఒలింపిక్స్ శిక్షణయినా సులువే.

ఖర్చు ఎవరు పెట్టాలి?

ఇంతకీ నా బాధంతా ఒక్కచోటే. సేవ ఉచితమే గానీ, సేవ చేసే అవకాశం ఉచితం కాదు. విమానం, గది, వీసా, బీమా కలిపితే ఎంత పొదుపుగా పోయినా లక్షల్లో మాట. దాంతో ఏమవుతుంది? హైదరాబాదులో డబ్బున్నవాళ్ల పిల్ల పోతుంది, పాస్‌పోర్టులో ముద్ర, దరఖాస్తులో ఒక వాక్యం సంపాదించుకుంటుంది. ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరె నేసే ఇంటి పిల్ల, ఆమెకంటే రెట్టింపు ఓర్పున్న పిల్ల, ఇక్కడే ఉండిపోతుంది. కాదనే హక్కు ఎంత అవసరమో, అవునని చెప్పగలిగే స్తోమతు కూడా అంతే అవసరం.

ఆటగాళ్లను పంపడానికి ప్రభుత్వం డబ్బు పెడుతుంది. పెట్టాల్సిందే. మరి పెద్ద క్రీడలు జరిగినప్పుడల్లా మన విశ్వవిద్యాలయాల నుంచి పదిమంది వాలంటీర్లనయినా ఎందుకు పంపకూడదు? నిర్వాహకులు ఎంపిక చేసిన పిల్లల్లో, ఎన్ని గంటలు సేవ చేశారన్న లెక్క చూసి ఖర్చు ఇవ్వాలి. ప్రభుత్వ కాలేజీ పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ముందు చోటివ్వాలి. తిరిగొచ్చాక వాళ్లు జిల్లాలో జరిగే ఆటలకు మరో వందమందికి శిక్షణ ఇవ్వాలని షరతు పెట్టాలి. అప్పుడు ఆ ఖర్చు ఒక పిల్ల షికారుకు పెట్టినట్టు కాదు, జిల్లాకు పెట్టుబడి పెట్టినట్టు. ఇందులో మన స్వార్థం కూడా ఉంది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదుకు వచ్చాయి. ప్రపంచం మన ఇంటికొచ్చే రోజుకు పని తెలిసిన చేతులు వేలల్లో కావాలి. విమాన ఖర్చు లేని ఆ అవకాశానికి మా వీధి పిల్లలు ఇప్పటి నుంచే తయారవాలని నేను చెబుతున్నాను. రైలెక్కితే చేరే ఊరు. అక్కడ పనిచేసినవాళ్లకు ఆ తర్వాత బ్రిస్బేన్ ఏమంత దూరం కాదు.

కాలేజీవాళ్లకు ఒక మాట. పిల్ల సేవకు పోయినన్ని రోజులు హాజరు పట్టీలో కోత పెట్టకండి. అత్తగార్లకు, అమ్మలకు ఒక మాట. సంబంధాలు చూసేటప్పుడు 'మా పిల్ల ఆరువందల మందిని ఒక్క గేటు దగ్గర సర్దింది' అని గొప్పగా చెప్పుకోండి. వంట వచ్చని చెప్పినంత గొప్పగా చెప్పండి చాలు. మా ఎదురింటి పెద్దావిడకు కూడా ఇదే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి "పొయ్యేది పోనీలేమ్మా, తిండి సరిగ్గా పెడతారో లేదో కనుక్కోమను" అంది. దాన్ని నేను సగం ఒప్పుకోలుగా రాసుకున్నాను.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి పిల్ల ఉండే ఉంటుంది. జీతమెంత అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఖర్చెంత, ఎవరిస్తారు, నువ్వు ఏం నేర్చుకున్నావు అని కూడా అడగండి. మూడోదానికి గబగబా జవాబు చెప్పిందంటే, మొదటి రెండింటికీ జవాబు వెతకాల్సింది మనం.